నాన్న జాడీ

నా కూతురి ఎడమచెవిలో పొర నా కుడిచేత్తో చింపేశాను. తిప్పితిప్పి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. బడికి వేసవి సెలవులిచ్చిన రోజు మాట ఇది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. హాజరు పట్టీలో చక్కటి పేరే ఉండేది కానీ ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ అది పిడుగే. ఆ పేరు పెట్టిన ఘనత కూడా నాదే.

మాది అద్దాల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య అద్దం పలకలు నిలబెట్టే గది. నేను అద్దాలు కోస్తాను, మా ఆవిడ ఫొటోలకి ఫ్రేములు కడుతుంది. అలాంటి ఇంట్లో ఒక్క నిమిషం ఒకచోట నిలవని పిల్ల పుట్టింది, చూడండి మా అదృష్టం! భోజనం మధ్యలో లేచి పరిగెత్తేది. చెప్పు ఒకటి గుమ్మంలో ఉంటే రెండోది వీధి చివర ఉండేది. మనం చెప్పే మాట సగం పూర్తయ్యేసరికి అది పక్కింట్లో ఉండేది. అద్దం పలకల జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. పాకే వయసులోనే ఆ భయం పెట్టాం.

ఆ రోజు బడి నుంచి చీటీ తెచ్చింది. లెక్కల పెట్టెలోని కాంపస్ ములుకుతో పక్కపిల్ల చేతి మీద పొడిచిందట. సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే మీ పాపను మేం ఉంచుకోలేమని రాశారు. నేనది చదువుతుంటే ఇది కోతబల్ల చుట్టూ గిరగిరా తిరుగుతోంది.

"ఆగవే" అన్నాను. ఆగలేదు.

"ఆగవే అంటే!"

మోచెయ్యి తగిలి, అద్దం కోసే కట్టర్ ముంచుకునే కిరోసిన్ డబ్బా బోర్లా పడింది. ఒక ముసలాయన పోయిన తన భార్యదని, ఇదొక్కటే ఉంది బాబూ అని ఇచ్చివెళ్ళిన ఫొటో నిలువునా తడిసిపోయింది.

కొట్టాను. చెయ్యి బారున చాచి కొట్టాను. పిల్ల పక్కకి ఎగిరి బల్లకోడుకి కొట్టుకుని పడింది. ఏడవలేదు. చెవి మీద అరచెయ్యి పెట్టుకుని, "నాన్నా, ఎవరో ఈల వేస్తున్నారు" అంది.

చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి జారింది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, పిల్లనీ నన్నూ చూసి, చేతిలో ఉన్న ఫ్రేము చెక్కను నా మొహం మీద బలంగా విసిరింది. కనుబొమ చిట్లింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, గడ్డం గీసుకునేటప్పుడల్లా కనిపిస్తుంది.

చెవి డాక్టరు లైటు వేసి చూశాడు. "పొర చిరిగింది. దానంతటదే మూసుకుంటుంది, ఆరు వారాలు పట్టొచ్చు. ఈలోగా మళ్ళీ దెబ్బ తగిలితే మాత్రం నేనేమీ చెప్పలేను. ఇంతకీ ఎలా తగిలింది?" అన్నాడు. మేమిద్దరం గోడ వైపు చూశాం. పిల్లే జవాబు చెప్పింది.

"నేను కిరోసిన్ ఒలకబోశానండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి ఒక కాగితం మీద పిల్లల మనస్తత్వం చూసే ఆవిడ చిరునామా రాసిచ్చాడు. "పాపకీ, మీకూ" అన్నాడు.

దారిలో మా ఆవిడ నడక ఆపింది. "వినండి. బడి తెరిచేలోగా ఈ చెయ్యి దాని మీద ఇంకొక్కసారి పడిందా, దాన్ని తీసుకుని మా అక్క దగ్గరికి పోతాను. బతిమాలడాలు, పెద్దమనుషుల్ని పంపడాలు ఏమీ ఉండవు." ఆవిడ ఏ మాటైనా ఒక్కసారే అంటుంది.

ఇంటికొచ్చి చూస్తే కిరోసిన్ ఆరిపోయి ఉంది. ఫొటో మీద మరక కూడా లేదు.

ఆ పిల్లల మనస్తత్వం ఆవిణ్ణి మేం డాక్టరమ్మా అనే పిలిచాం. నేను మందులిచ్చే డాక్టర్ని కాదండీ అని ఆవిడ మొత్తుకుంటూనే ఉండేది. పిల్లతో ఆడింది, మాట్లాడింది, బడి టీచరుకి ప్రశ్నలు పంపి జవాబులు తెప్పించుకుంది, మమ్మల్ని విడివిడిగా అడిగింది. రెండో వారంలో ఏడీహెచ్‌డీ అంది.

"అంటే బుర్ర పాడైందా?" అన్నాను.

"బుర్ర బంగారంలా ఉంది. బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతుంది, అంతే. పాప కావాలని చెయ్యట్లేదు."

"కావాలని కాకపోతే పక్కపిల్లను పొడవడం ఏంటండీ?"

"కోపం రావడానికీ చెయ్యి లేవడానికీ మధ్య కొంతమందికి ఖాళీ ఉండదండీ" అని ఊరుకుంది. ఆవిడ నా వైపు చూడలేదు. మా ఆవిడ మాత్రం చూసింది.

పాఠాలు పిల్లకి కాదు, ముందు మాకు మొదలయ్యాయి. "దూరం నుంచి అరవకండి. దగ్గరికెళ్ళి, భుజం మీద చెయ్యేసి, కళ్ళు కలిశాక ఒక్క పని చెప్పండి. ఒక్కసారే చెప్పండి." ఇది నాకు ఇట్టే ఎక్కింది. అద్దం మీద కట్టర్‌తో గీత ఒక్కసారే గీయాలి. అదే గీత మీద రెండోసారి నడిపితే పలక అడ్డదిడ్డంగా పగిలిపోతుంది. నేను ఇన్నేళ్ళూ ఆ పిల్ల మీద ఒకే గీత వందసార్లు గీశాను.

మంచిపని చేస్తే ఏదైనా ఒక వస్తువు అక్కడికక్కడే చేతిలో పెట్టాలంది డాక్టరమ్మ. రేపిస్తానంటే దానికి లేనట్టేనట. గుండీలో పూసలో చాలంది. నేను కిటికీలకి వేసే రంగు అద్దాల తునకలు ఏరి, గోటంత చదరాలుగా కోసి, అంచులు సానరాయి మీద నున్నగా అరగదీశాను. ఎర్రవీ, పచ్చవీ, నీలివీ. ఒక పూటంతా కూర్చుని చేశాను. పిల్ల నా మోకాలి పక్కనే నిలబడి చూసింది. ముక్కలన్నీ ఒక డబ్బాలో పోశాను, పిల్ల గెలిచినవి వేసుకోవడానికి వాళ్ళమ్మ ఒక గాజు జాడీ ఇచ్చింది.

"పది ముక్కలు పోగైతే ఏం కావాలే?" అంది వాళ్ళమ్మ.

"నేను అద్దం కోస్తా."

"అది తప్ప ఇంకేదైనా అడుగు" అన్నాను.

"అదే" అంది పిడుగు.

ఇక్కడితో ఆగుంటే బాగుండేది. డాక్టరమ్మ రెండో జాడీ కూడా పెట్టించింది. "ఇది నాన్న జాడీ. నాన్న చెయ్యెత్తని రోజు, సాయంత్రం కొట్టు మూశాక నువ్వే ఇందులో ఒక ముక్క వెయ్యాలి. నువ్వే జడ్జివి" అని పిల్లకి చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా కూతురు నాకు మార్కులెయ్యడమేంటని వారం రోజులు లోపల్లోపల ఉడికిపోయాను. పిల్లకి పుస్తకాల సంచి ఎక్కడ పెట్టిందో గుర్తుండదు, పళ్ళు తోముకుందో లేదో గుర్తుండదు. నా జాడీ మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. షట్టర్ దించిన చప్పుడు వినగానే ఎక్కడున్నా వచ్చి స్టూలెక్కి, ముక్క ఏరుకుని, టంగుమని వేసేది.

నాలుగో రోజే నేను అడ్డం తిరిగాను. మేకుల డబ్బా వీధిలో పారబోసిందని ఒళ్ళు మండి, దాని జాడీలోంచి మూడు ముక్కలు తీసి జేబులో వేసుకున్నాను. కొట్టలేదు కదా, అదే గొప్ప అనుకున్నాను. అది నా మీదికి దూకి మణికట్టు కొరికింది. పళ్ళు దిగిపోయాయి. విదిలించుకుంటే గోడ మీదికి పోయేది, పళ్ళ బిగువున ఓర్చుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ ఆ గాట్లు చూసి పిల్లను కాదు, నన్ను పట్టుకుంది. "సంపాదించుకున్నది వాళ్ళది. తప్పు చేసినా సరే, తిరిగి తీసుకునే హక్కు మీకు లేదు. ఇప్పుడే ఇచ్చెయ్యండి." పిల్ల ముందు జేబులోంచి తీసి ఇచ్చేశాను. అది ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసుకుని మరీ పుచ్చుకుంది, నేనేదో దొంగముక్కలు ఇస్తున్నట్టు.

పది ముక్కలయ్యాయి. ఒక చిన్న పలక బల్ల మీద పరిచి, దాని చేతికి కట్టర్ ఇచ్చాను. కిరోసిన్‌లో ముంచింది. స్కేలు పట్టుకుంది. నాలుక బయటపెట్టి గీసింది, కర్రుమంది, బాగానే పడింది. దానికి నమ్మకం కుదరక అదే గీత మీద మళ్ళీ నడిపింది. పలక మధ్యకి పగిలింది. అది పగిలిన అద్దం వైపు చూడలేదు. నా చేతి వైపు చూసింది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "మొదటిసారి నాకూ ఇలాగే పగిలిందే" అన్నాను. వంటగదిలో గిన్నెల చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

సెలవుల్లో నాలుగు వారాలు అలా గడిచాయి. అరిచాను, తిట్టాను, ఒకసారి గోడని గుద్ది వేలు వాచేలా చేసుకున్నాను, కానీ చెయ్యి మాత్రం పిల్ల మీద వెయ్యలేదు. జాడీలో అడుగు కనబడకుండా రంగులు పేరుకున్నాయి. పిల్ల కూడా మారింది. బడి నుంచి తెచ్చుకున్న పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చునేది, వీధి చివరిదాకా ఒక పరుగు తీసి వచ్చి మళ్ళీ పది నిమిషాలు కూర్చునేది. మా ఆవిడ నాతో పూర్వంలా మాట్లాడటం మొదలుపెట్టింది.

అయిదో వారం డాక్టరమ్మ కొత్త పాఠం చెప్పింది. ఎవరినైనా కొడితే, కొరికితే పిల్లను కాసేపు ఒక చప్పటి చోట కూర్చోబెట్టాలి. ఆడుకోవడానికి, చూడటానికి ఏమీ లేని చోటు. వయసులో ఏడాదికి ఒక నిమిషం లెక్కన ఎనిమిది నిమిషాలు. ఆవిడ ఇంకా ఏదో చెబుతూంటే నేను ఆవిడ కిటికీ రెక్కలో విరిగిన అద్దం కొలతలు కళ్ళతోనే తీసుకుంటున్నాను. తలుపు మూయకూడదని, మనిషి ఎదురుగానే ఉండాలని చెప్పిందట. నేను వినలేదు.

రెండు రోజులకి పక్కింటి పిల్ల జడ పట్టి ఈడ్చింది మాది. మా ఆవిడ ఫ్రేములు అప్పగించడానికి వెళ్ళింది. మా ఇంట్లో పిల్ల ముట్టుకోని వస్తువులంటూ ఉన్న గది ఒక్కటే, పలకల గది. అంతకంటే చప్పటి చోటు ఎక్కడుంది? కోపం లేకుండా, డాక్టరమ్మ చెప్పిన గొంతుతోనే, "ఎనిమిది నిమిషాలు ఇక్కడ నిలబడు" అన్నాను. అది తలూపింది. నేను తలుపు మూసి బయట గొళ్ళెం పెట్టాను.

అప్పుడే మా వీధిలో సెలూన్ నడిపే ఆయన, నేను కోసిచ్చిన నిలువుటద్దం మోసుకుంటూ వచ్చాడు. "అరంగుళం తక్కువ కోశావు, గోడకి నిలవట్లేదు."

"నీ గోడే వంకర."

"నా గోడ వంకరా? నీ చూపు వంకర! రోజుకి ఇరవై గడ్డాలు గీస్తా, వంకరేదో నాకు తెలీదా?"

మాట మీద మాట పెరిగింది. ఆయన కొలత టేపు తీశాడు, నేను నా టేపు తీశాను. రెండు టేపులు రెండు లెక్కలు చెప్పాయి. నీ అబ్బ అన్నాడు. చొక్కా పట్టుకున్నాను. ఆయన ఆ అద్దాన్ని ఎత్తి నడివీధిలో వేసి కొట్టాడు. నేను ఆయన దవడ మీద గుద్దాను, ఆయన మోచేత్తో నా పొట్టలో పొడిచాడు. ఇద్దరం గాజుపెంకుల మీద పడి దొర్లాం. జనం విడదీస్తున్నారు. అప్పుడు కొట్టు లోపల్నుంచి చప్పుడు వచ్చింది. ముందు ఒకటి, తర్వాత వరసగా.

విదిలించుకుని కొట్టులోకి పరిగెత్తాను. గోడ గడియారం చూశాను. పిల్లని లోపల పెట్టి ముప్పావుగంట అయింది.

గొళ్ళెం తీశాను. స్టాండు పక్కకి ఒరిగి పలకలన్నీ జారి ముక్కలై ఉన్నాయి. గది నిండా పెంకులు. మూలలో, అరచెయ్యంత ఖాళీ నేల మీద, చెప్పుల్లేని కాళ్ళతో పిల్ల నిలబడి ఉంది. ఒంటి మీద ఒక్క గీరు లేదు. వంగి ఎత్తుకున్నాను. గుమ్మం దాటి బల్ల దగ్గర దించాను. బతికింది, బతికింది అని లోపల ఎవరో అరుస్తున్నారు. అదే క్షణంలో నా చెయ్యి లేచింది. వీపు మీద రెండు, మూడు. నా గుప్పిట మీద సెలూన్ ఆయన రక్తం ఇంకా తడిగానే ఉంది. చెవి జోలికి పోలేదు కదా అని కొడుతూనే నాకు నేను సర్దిచెప్పుకున్నాను, అంతటి నీచుణ్ణి.

అది కదలకుండా నిలబడి కొట్టించుకుంది. నేను ఆగాక అడిగింది.

"ఎనిమిది నిమిషాలు అయిపోయాయా నాన్నా?"

"ఆ స్టాండు ఎందుకెక్కావే?"

"పైకిటికీలోంచి కొట్లో గడియారం కనిపిస్తుందని. నువ్వు మర్చిపోయావేమో అని."

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. స్టాండు జారిందని చెప్పాను, అబద్ధం కాదు కదా. దేవుడి దయ, పిల్లకి ఏమీ కాలేదంది. షట్టర్ దించాను. పిల్ల స్టూలెక్కింది. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక ఎర్రముక్క తీసి, వాళ్ళమ్మ చూస్తుండగా నా జాడీలో వేసింది. టంగుమంది. దిగి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నేను నోరు మెదపలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ కూడా.

నాలుగోరోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పిల్ల కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాలు ఊపలేదు, బల్ల మీద పెన్నులు లాగలేదు, కిటికీ వైపు తిరగలేదు. అడిగినదానికి జవాబు చెప్పి నోరు మూసుకుంది.

"మూడు రోజుల నుంచీ ఇలాగే ఉందండీ" అంది మా ఆవిడ. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఎంత కుదురొచ్చిందో చూడండి! బళ్ళో ఇంక ఏమంటారు?"

డాక్టరమ్మ నవ్వలేదు. "నాన్న జాడీ నిండుతోందా తల్లీ?" అంది.

"నిండుతోందండీ" అంది పిల్ల, చేతులు కదల్చకుండా.

ఆ చేతులు చూడలేకపోయాను. ఎనిమిదేళ్ళుగా కుదురు కుదురు అని దాని ప్రాణం తీశాను. ఇదిగో కుదురు, ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

"అది కుదురు కాదు డాక్టరమ్మా" అన్నాను. "పలకల గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. మర్చిపోయాను. తర్వాత కొట్టాను."

"కొట్టలేదు!" పిల్ల కుర్చీలోంచి లేచి అరిచింది. "నేను ముక్క వేశా కదా! నేనే జడ్జిని! అమ్మా, కొట్టలేదమ్మా, మనం పెద్దమ్మ ఇంటికి వెళ్ళొద్దు!"

మా ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుని గౌను మెడ వెనక్కి తీసి చూసింది. చాలాసేపు చూసింది. డాక్టరమ్మ వచ్చి పిల్ల ముందు నేల మీద కూర్చుంది. "నువ్వు ఎవర్నీ కాపాడాల్సిన పని లేదురా తల్లీ. అది పెద్దవాళ్ళ పని. మాకు చేతకాలేదు, అంతే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "వచ్చేవారం నుంచి మీరు ఒక్కరే రండి" అంది.

ఇంటికొచ్చి మా ఆవిడ సంచి సర్దింది. ఎప్పుడూ మీరు అనే మనిషి, "నువ్వు అడ్డం లే" అంది. అడ్డం లేచాను. ఏం చెయ్యాలో తోచక నా జాడీ తీసి బల్ల మీద బోర్లించాను. రంగులన్నీ కోతబల్ల మీద పరుచుకున్నాయి.

పిల్ల ఒక్క దూకు దూకింది. "తియ్యకూడదు! సంపాదించుకున్నవి తియ్యకూడదని డాక్టరమ్మ చెప్పలేదూ?"

గబగబా రెండు చేతులతో పోగుచేసి జాడీలో వేసింది. కిందపడ్డవి బల్ల కిందకి దూరి ఏరింది. అన్నీ వేశాక మళ్ళీ జాడీలో చెయ్యి పెట్టి వెతికి ఒక ఎర్రముక్క బయటికి తీసింది. నా అరచెయ్యి తెరిచి అందులో పెట్టింది.

"ఇది మాత్రం నీది కాదు."

సరేనని తలూపాను. "నువ్వు అక్కడున్నన్ని రోజులూ ఎవరు వేస్తారే?" అన్నాను.

"ఆ రోజులు లెక్కలోకి రావు నాన్నా" అంది. దెప్పడం కాదు, ఆటలో నాకు తెలియని రూలు విడమర్చి చెప్పింది. "నేను లేకపోతే నువ్వు ఎవర్ని కొడతావు?"

వాళ్ళు బస్సెక్కారు. నేను గదిలో పెంకులు ఎత్తాను. సెలూన్ ఆయనకి అద్దం కోసి, నేనే మోసుకెళ్ళి, ఆయన వంకర గోడకి నేనే బిగించి వచ్చాను. మాట్లాడుకోలేదు. డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు ఒక్కణ్ణే వెళ్ళాను. పిల్ల కూర్చునే పొట్టికుర్చీలో కూర్చోబెట్టింది నన్ను. పలకల గది తలుపు గొళ్ళెం మేకులతో సహా ఊడదీసి పారేశాను.

బడి తెరిచే ముందురోజు మధ్యాహ్నం వచ్చారు. చెవి పొర మూసుకుందని, బడి కోసమే వచ్చానని చెప్పింది మా ఆవిడ, అంతకంటే ఏమీ చెప్పలేదు. పిల్ల కొట్టంతా ఒక చుట్టు చుట్టి, మేకుల డబ్బా తన్ని, సారీ అని అరుస్తూ వీధిలోకి పోయింది. ఆ చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం షట్టర్ దించాను. అది స్టూలెక్కి నా జాడీ మూత తీసి, పచ్చముక్క ఒకటి ఏరి పట్టుకుంది. వెయ్యలేదు. గుప్పిట మూసుకుని కిందకి దిగింది.

"వెయ్యవా?" అన్నాను.

"నేనింకా నిద్రపోలేదు కదా నాన్నా" అంది. "పడుకునే ముందు వేస్తా."